బేర్ సరాయ్‌లో పాపుగారి కుర్చీ

చేతిలో ఏ అధికారమూ లేని వయసులోనే మనిషికి అధికారం మీద మోజు ఎక్కువనుకుంటాను. ఆ రోజుల్లో ముగ్గురం దేశ రాజధానిలో, కోచింగ్ సెంటర్ల పేట బేర్ సరాయ్‌లో ఒకే గదిలో సర్దుకుని సివిల్స్‌కి చదివేవాళ్ళం. మాది గుంటూరు వైపు కతోలిక కుటుంబం, పోపును పాపుగారనే అంటాం. ఇంట్లో ఏ తగువొచ్చినా మా అమ్మమ్మ "రోములో పాపుగారు చెప్పారంటే ఇంక మాట లేదు" అని తేల్చేసేది (మా పెరట్లో మునగచెట్టు గురించి పాపుగారు ఎప్పుడు చెప్పారో మాకెవరికీ తెలియదు).

ఒకరోజు చరిత్ర క్లాసులో, పందొమ్మిదో శతాబ్దపు యూరప్‌లో పాపుగారి అధికారాన్ని గట్టిగా బలపరిచినవాళ్ళ గురించి చెప్పారు. తమ దేశపు రాజులూ బిషప్పులూ ఏమన్నా సరే, ఆల్ప్స్ కొండల అవతల రోములో ఉన్న ఆయన మాటే ఆఖరన్నది వాళ్ళ వాదం. మా అమ్మమ్మ ఆల్ప్స్ పేరైనా వినకుండానే ఆ పక్షంలో చేరిపోయిందని తెలిసి నా ఛాతీ ఉప్పొంగింది. ఆ సాయంత్రమే గదిలో ఉపన్యాసం దంచాను. పాపుగారు పీఠం మీద నుంచి ప్రకటిస్తే ఇక తిరుగులేదన్నాను. పప్పులో చింతపండు ఎంతన్న దాని మీద రోజూ కొట్టుకుచచ్చే మాకు అది వరంలా తోచింది. "మంచిగున్నదిరా! మనకు గీ ఎర్ర కుర్చీ ఉన్నది గద. దాంట్ల కూసోని నువ్వేం చెప్తే గదే ఫైనల్" అన్నాడు మా వరంగల్ మిత్రుడు. గదిలో ఉన్న ఒక్కగానొక్క ప్లాస్టిక్ కుర్చీ అలా పీఠమైంది. కూలర్ ఎటు తిప్పాలి, పొద్దున్నే స్నానానికి ఎవరు ముందు, అన్నీ నేనే తేల్చేవాణ్ణి. ఏమాటకామాటే చెప్పుకోవాలి, మహా హాయిగా ఉండేది.

గదిలో మూడోవాడు, మా ఇద్దరికంటే పెద్దవాడు కడపన్న. పరీక్ష రాయడానికి అతనికి ఇంకొక్క అవకాశమే మిగిలింది. ఒక సాయంత్రం ఇంటికి ఫోన్ చేసొచ్చి, ఆ కుర్చీని నా ముందుకు లాగాడు.

"మా ఊరి ఇస్కూల్లో లెక్కల సారు పని ఉందంట. సోమారం లోపల చేరాలంట. పోవాల్నా, ఉండాల్నా? కూర్చోని చెప్పు. నువ్వేం చెప్తే అది చేస్తా."

హాస్యమేమో అనుకున్నాను. కళ్ళు చూస్తే కాదు.

"అన్నా, పాపుగారి మాటైనా అన్నిటికీ అలా చెల్లదు. విశ్వాసం, నీతి... వాటి వరకే" అని నసిగాను (క్లాసులో చెప్పారు. ఉపన్యాసంలో నేను మింగేసిన ముక్క అదే).

"అట్లనా? మరి చింతపండు విశ్వాసమా, నీతా?" అన్నాడు కడపన్న.

వరంగల్ వాడు నవ్వబోయి ఆగిపోయాడు. కడపన్న తనే కుర్చీలో కూర్చుని, "నేను పోతా" అన్నాడు. ఆ తర్వాత ఆ కుర్చీ మీద తడి తువ్వాళ్ళు ఆరేసుకున్నాం.

నాకూ పరీక్ష కలిసిరాలేదు. ఇప్పుడు అదే నగరంలో, సాకేత్‌లో ఒక ఆఫీసులో తిరిగే కుర్చీ ఉంది, నా మాట కోసం చూసే మనుషులున్నారు. చిన్న వయసులోనే తాతయ్యను పోగొట్టుకుని నలుగురు పిల్లల్ని పెంచిన అమ్మమ్మ ఈమధ్య తరచూ గుర్తొస్తోంది. ఆమెకు మా మీద పెత్తనం కావాలేమో అనుకునేవాణ్ణి. అన్నీ ఒక్కతే తేల్చుకోలేక అలిసిపోయి, ఆ బరువు కాస్త రోము మీద పెట్టిందేమో పాపం.

మొన్న కడపన్న ఫోన్ చేశాడు. పదో తరగతి అయిన కూతుర్ని ఏ గ్రూపులో చేర్చాలో తోచడం లేదట.

"ఏమబ్బా, కుర్చీలోనే ఉండావా?" అన్నాడు నవ్వుతూ.

"లేదన్నా, లేచి నిలబడ్డాను. ముందు పాప ఏమంటోందో చెప్పు" అన్నాను. నిజంగానే నిలబడ్డాను.