మెంతి వాసన కొండ

పొద్దున్న నానబోసిన మెంతులు మధ్యాహ్నానికి బాగా ఉబ్బాయి. గిన్నె మూత తీయగానే ఆ చేదు వాసన ఇల్లంతా కమ్ముకుంది. మా ఆయనకి అది పడదు. కిటికీలు తెరుస్తూ, ఏం వండబోతున్నావని సణిగాడు. వండటానికి కాదన్నాను. ఆ వాసనకి నాకు ఆకలి వేయదు. ఒక కొండ గుర్తుకొస్తుంది. ఆ కొండని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న సన్యాసిరావు మాస్టారు గుర్తుకొస్తారు.

మాస్టారంటే బడిలో కాదు, స్టేషన్ మాస్టారు. బడిలో టీచర్ని నేను. తొంభైల మధ్యలో నాకు ఉద్యోగం వచ్చినప్పుడు అరకు లైన్లో, టైడా దాటాక ఉన్న ఒక చిన్న స్టేషన్ పక్క ఊరికి వేశారు. మా ఇల్లు శృంగవరపుకోటలో. పొద్దున్న పాసింజరెక్కి కొండెక్కేదాన్ని, సాయంత్రం అదే బండి తిరిగొస్తే దిగిపోయేదాన్ని. అది వేళకి వచ్చిన రోజులు తక్కువ. నాకా ముక్కు మీద కోపం. ప్లాట్‌ఫారం ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతూ రైల్వే వాళ్ళందర్నీ మనసులో తిట్టుకునేదాన్ని.

వానాకాలంలో ఒకరోజు ఎగువన పట్టాల మీద బండరాళ్ళు పడి బండి ఆగిపోయింది. మాస్టారు బయటికొచ్చి, "టీచరమ్మా, మీరలాగ తిరిగితే బండి బేగి వచ్చీదా? లోపలికొచ్చి కూకోండి, టీ తాగుదురు" అన్నారు. ఆఫీసు వెనక వాడకంలో లేని సామాన్ల గది ఉంది. అందులో రెండు ట్రంకు పెట్టెల మీద పాత తలుపు రెక్క, దాని మీద ఆకుపచ్చ దుప్పటి. దుప్పటి మీద కొండలు, చీపురు పుల్లల వంతెన, అగ్గిపెట్టెల ఇళ్ళు, కాఫీ గింజల తొక్కు అంటించిన నేల. వాటి మధ్య బొటనవేలి గోరంత ప్లాస్టిక్ సైనికులు.

"ఇదేటి మాస్టారూ, బొమ్మల కొలువా?" అన్నాను.

"కాదమ్మా, యుద్ధం" అన్నారాయన, నవ్వకుండా.

ఆయన బావమరిది అప్పలరాజు ఓడలో, ఇంజను గదిలో పనిచేసేవాడు. ఏదో విదేశీ రేవు నుంచి ఒకసారి ఒక డబ్బా సైనికుల్ని, ఒక రూల్స్ పుస్తకాన్ని తెచ్చాడు. ఏ సైనికుడు ఎంత దూరం నడవాలి, గుండు తగిలిందా లేదా, అన్నీ టేపుతో కొలిచి, పాచిక వేసి, పుస్తకం చూసి తేల్చుకోవాలి. బావా, బావమరిదీ చెరో వైపు. మధ్యలో తీర్పరి మాస్టారి భార్య నూకరత్నం గారు. బల్ల నడుమ ఉన్న పెద్ద కొండ ఆవిడ చేసిందే. పాత పేపర్లు నానబెట్టి, పురుగు పట్టకుండా మెంతులు వేసి రుబ్బి, మన ఆడవాళ్ళు బుట్టలు చేస్తారే, అలాగే. నేను ఆ ఊరు వెళ్ళేసరికి ఆవిడ పోయి మూడేళ్ళు. అప్పలరాజు మాత్రం ఏడాదికోసారి సెలవు మీద వచ్చి మూడు రోజులు ఆడి వెళ్ళేవాడు.

ఆ ఏడాది అతను రాకముందే, అతను పంపిన మరో కొత్త పుస్తకం పోస్టులో వచ్చింది. చిన్న అక్షరాలు ఆనడం లేదని మాస్టారు నా చేత చదివించారు. రూల్స్ మారిపోయాయి. ఇదివరకు సైనికులు ఒక్కొక్కరే నడిచేవాళ్ళు, వాలు ఎక్కితే సగం దూరమే వెళ్ళేవాళ్ళు. ఇప్పుడు నలుగురిని ఒకే అట్టముక్క మీద అంటించాలి, నలుగురూ కలిసే కదలాలి. అంటించి చూశాం. నూకరత్నం గారి కొండ నున్నగా ఉంటుంది. అట్టముక్క పెట్టడం, అది సర్రున జారి కింద పడటం.

"ఆ కొండ తీసి పక్కన పెట్టి, కొత్తది చేసుకోండి" అన్నాను. నాకు అది పెద్ద విషయంగా కనపడలేదు.

"పక్కన పెడితే బీరువా మీద బొమ్మయిపోతాదమ్మా. ఆటలో ఉంటేనే అది కొండ" అన్నారు. గొంతు తగ్గించి, "అలాగని బల్ల సిద్ధంగా లేకపోతే అప్పలరాజు ఎందుకొస్తాడు? వాళ్ళక్క లేదు. నాతో ఆడికింకేటి పని?" అన్నారు.

అప్పుడే టీ పట్టుకొచ్చిన సోమన్న అక్కడే నిలబడి చూస్తున్నాడు. అతను స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్, ఊరు పై కొండ మీద. "మా కాడ మడులు కట్టినట్టు కట్టీండి బాబూ. మెట్టు నేపోతే నీరే నిలబడదు, మనిసేటి నిలబడతాడు?" అన్నాడు.

మాస్టారు ఆ మాటకి కొండని ఒళ్ళోకి తీసుకున్నారు. తడిగుడ్డతో తుడిచి, కూరల కత్తితో మొదటి మెట్టు చెక్కడం మొదలుపెట్టారు. తడి తగిలిన గుజ్జులోంచి మెంతి వాసన లేచింది. కత్తి ఆగిపోయింది. "రత్నం సేతులు ఇలాగే వాసనొచ్చీవి" అన్నారు. నాకు ఏం చేయాలో తోచక, బండి వస్తోందేమో చూసొస్తానని బయటికొచ్చి ఏడ్చాను. తిరిగి వెళ్ళేసరికి ఆయన మళ్ళీ చెక్కుతున్నారు. రాలిన పొడినంతా పేపరు మీద పోగుచేసి, ఒక్క రవ్వ పారేయకుండా నానబెట్టి, దాంతోనే మెట్లకి గట్లు కట్టారు. వారం తర్వాత చూస్తే ఆ కొండ అచ్చం అరకు దారిలో కనిపించే వరి మడుల్లా ఉంది. సోమన్న దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, పై మడికి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయని అడిగాడు. మాస్టారు కంగారుపడి ఒక ఊట కూడా పెట్టారు.

తర్వాత రెండేళ్ళకో మూడేళ్ళకో ఒక కొత్త పుస్తకం వచ్చేది. ఒకదానిలో, ఎదుటివాడు కనపడుతున్నాడో లేదో బొమ్మ కంటి ఎత్తుకి వంగి చూసి చెప్పాలన్నారు. అంతకుముందు అడవి అంటే అడ్డం, అంతే. ఆ రూలుతో మాస్టారు అడవంతా పీకి, పొడుగు సిల్వర్ ఓక్ చెట్ల కింద పొట్టి కాఫీ మొక్కలు నాటారు. నిలబడ్డవాడు కనపడతాడు, కూర్చున్నవాడు కనపడడు. చీర కుచ్చిళ్ళు దోపుకుని, సిమెంటు నేల మీద మోకాళ్ళేసి, ఒంటి కన్ను మూసుకుని ఆయనతో ఎంత వాదించానో! "మీ ఎత్తు నుంచి సెప్పకండమ్మా, ఆడి ఎత్తు నుంచి సెప్పండి" అనేవారు. ఇంకో పుస్తకం వచ్చి బొమ్మలే పెద్దవైపోతే, ఇళ్ళన్నిటికీ గుమ్మాలు ఎత్తు చేశాం. ఆ రోజు ఆయన విసుగ్గా, "నిజం సెప్పాలంటే మొదటి పుస్తకమే బాగుండీది. కానీ ఆడికి కొత్తవంటే సరదా" అన్నారు.

ఇక్కడే నేను చేసిన తప్పు ఉంది.

ఆ ఏడాది అప్పలరాజు సెలవు అయిపోయి, నేను కొండ దిగే బండిలోనే దిగాడు. సొరంగాలు దాటాక తనే, "మా బావ కొండని బాగా సేసేడు కదండీ" అన్నాడు. ఈ కొత్త రూల్స్ మీకు నచ్చాయా అని అడిగాను. నవ్వాడు.

"నచ్చడమేటండీ, సగం నాకు బుర్రకెక్కవు. మాకు మొదటి పుస్తకమే సాలు. అక్క పోయిన ఏడాది నేనొచ్చీసరికి బావ తిండి మానీసి పట్టాలకేసి సూస్తూ కూకున్నాడు. ఏం సెయ్యాలో తెలీక కొత్త పుస్తకం సేతిలో ఎట్టాను. లేచి కత్తి పట్టుకుని, ఆ రూల్సుకి తగ్గట్టు ఇళ్ళూ వంతెనా మార్సడం మొదలెట్టాడు. అప్పట్నుంచీ ఓడ ఏ రేవులో ఆగినా కొత్త పుస్తకం వచ్చిందేమోనని ఎతుకుతాను."

అతను వస్తాడని మాస్టారు చెక్కడం, మాస్టారు చెక్కుతారని అతను తేవడం! రెండు వైపులా తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఆ బండిలోనే చెప్పేయాల్సింది. చెప్పలేదు. ఇద్దరూ దాచుకున్న మాట మీద ఆ బల్ల నిలబడి ఉంది, నేను నోరు విప్పితే కూలిపోతుందేమోనని భయపడ్డాను. ఒకసారి మాస్టారికి ఉత్తరం రాసి చించేశాను. ఆయన రిటైరయ్యే రోజున చెబుదామనుకున్నాను. దండలు, ఫొటోలు అయ్యాక ఇద్దరం ఆ గదిలోకి వెళ్ళాం. "మాస్టారూ, ఒక మాట" అన్నాను. బయట సోమన్న గంట కొట్టాడు. ఎన్నడూ లేనిది ఆ రోజు పాసింజరు వేళకి వచ్చింది. "బండొచ్చీసింది, ఎల్లండమ్మా, తర్వాత సెబుదురు" అన్నారు.

ఆయన విజయనగరంలో అన్నగారి ఇంటికి వెళ్ళిపోయారు. మూడో ఏడు పోయారు.

నెల తిరక్కుండా అప్పలరాజు గారు అట్టపెట్టెలో కొండని పెట్టుకుని మా ఇంటికొచ్చారు. మాస్టారు దాని మీద నా పేరు రాసి పెట్టారట. అప్పుడు చెప్పాను, మాస్టారికి కూడా మొదటి పుస్తకమే ఇష్టమని, మీరు రావాలనే ప్రతిసారీ చెక్కేవారని. ఆయన చాలాసేపు కొండ మెట్ల మీద చెయ్యి రాస్తూ కూర్చున్నారు. తర్వాత, "మరి నా సంగతి... బావకి తెల్సా?" అని అడిగారు.

తెలియదన్నాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

మాట మార్చడానికి, మెట్లు పూడ్చేసి మొదట్లో ఉన్నట్టు నున్నగా చేయనా అన్నాను. "వద్దండి. కొండ అక్కది, మెట్లు బావవి. ఏది తీస్తారు?" అన్నారు.

నా ఉద్యోగంలో పాఠ్యపుస్తకాలు ఎన్నిసార్లు మారాయో. మారినప్పుడల్లా పాత పాఠాన్ని పారేయకుండా, చెక్కిన పొడితోనే గట్టు కట్టుకున్నాను. పిల్లవాడికి లెక్క రాకపోతే వాడి బల్ల పక్కన మోకాళ్ళేసి, వాడి ఎత్తు నుంచి చూశాను. ఇవన్నీ మాస్టారి దగ్గర వచ్చినవే. ఆ రెండోది ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో కష్టంగా ఉంది.

మొన్న కొండ మీద రెండో మెట్టు గట్టు ఎలుక కొరికింది. ఈ మెంతులు దానికే. ఆదివారం అప్పలరాజు గారు వస్తానన్నారు. మొదటి పుస్తకం తీసి ఆడదామన్నారు. పేపరు గుజ్జులో మెంతులు కలిపి రుబ్బి, గట్టు పూడ్చి, చేతులు రెండుసార్లు సబ్బుతో కడిగాను. వాసన పోలేదు.

మాస్టారూ, మీ బావమరిదికి ఆ కొత్త పుస్తకాలు ఒక్కటీ నచ్చలేదు. మీ కోసమే వచ్చేవారు. ఈ ఒక్క మాట చెప్పడానికి ఎన్ని సాయంత్రాలు ఆ బండి నాకోసం ఆలస్యంగా వచ్చిందో. నేనేమో దాన్ని తిడుతూ కూర్చున్నాను.