కిష్టవ్వ చెప్పిన నాలుగు వందల ఏండ్లు

ధర్మపురికి ఎగువన, గోదావరి ఒడ్డున చిన్న మఠం ఒకటుంది. ఏటా స్వామి ఆరాధన నాడు అక్కడ ఊరందరికీ భోజనాలు. వంటలు దిగగానే మొదటి విస్తరి కిష్టవ్వకు వేయాలి. ఆమె ముద్ద నోట్లో పెట్టుకునేదాకా పటేలైనా సరే నిలబడాల్సిందే. మఠం ఉన్న అర ఎకరం చెలక ఆమె తాత అంతయ్య ఇచ్చింది. కలరా గత్తర వచ్చిన ఏడు స్వామి నడుచుకుంటూ ఆ దారిన వచ్చాడట. అంతయ్య ఆయన దోసిట్లో తన చెలక మట్టి పోసి, దానంగా నీళ్లు వదిలాడట. రాతకోతలేమీ లేవు. ఆ విస్తరాకే పట్టా.

కిష్టవ్వకు డెబ్బై దాటాయి. మొగుడు ఎప్పుడో పోయాడు. కొడుకు రంజిత్ ఆటో నడుపుతాడు. ఆమె పొద్దున్నే మఠం ఊడ్చి, స్వామి సమాధి కడిగి, ఇంటికొచ్చి బీడీలు చుట్టుకునేది. ఏడాది పొడుగునా ఆమెను ఏమే అనేవాళ్లే తప్ప ఏమమ్మా అనేవాళ్లు లేరు. ఆ ఒక్క పూట మాత్రం ఊరు ఆమె ముందు నిలబడేది. ముసలిదానికి అంత మిడిసిపాటు దేనికని అడగొద్దు. ఉన్నదల్లా అదే మరి.

మఠం ఎప్పుడు వెలిసిందో ఊళ్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఒకరు గత్తర అంటారు, ఒకరు పెద్ద వరద అంటారు. యాత్రికులు అడిగితే కిష్టవ్వ మాత్రం తడుముకోకుండా నాలుగు వందల ఏండ్లనేది. పక్క ఊరి వాళ్లు తమ మఠం మూడు వందల ఏండ్లదని చెప్పుకుంటుంటే, మన స్వామి వాళ్లకంటే చిన్నవాడంటే ఎట్లా? ఆ వైపు దేవుడి వయసు పెంచి చెబుతారే గానీ ఎవరూ తగ్గించరు. తగ్గిస్తే కళ్లు పోతాయని భయం.

ఈ ఏడు మఠం కమిటీకి పటేల్ ఇంటి కరుణాకర్ పెద్ద అయ్యాడు. వెలిసిన సంవత్సరం, తొలి దాతల పేర్లు చెక్కించి నల్లరాతి ఫలకం పెట్టిస్తానన్నాడు. తాత పేరు రాయికెక్కుతుందని కిష్టవ్వ సంబరపడిపోయింది. ఊరి పంచాయితీకి పిలిస్తే, దాచుకున్న చీర కట్టుకుని మరీ వెళ్లింది. పక్క ఊరి పెద్దలు కూడా వచ్చి ఉన్నారు. కరుణాకర్ ఆమెకు కుర్చీ వేయించి, ఫోన్లో వీడియో పెట్టాడు.

"అవ్వా, అందరికన్న పెద్దదానివి నువ్వే. మఠం ఎన్నేండ్లదో చెప్పు. గదే రాయిస్త."

కిష్టవ్వ పక్క ఊరి వాళ్లను ఓరగా చూసింది. "నాలుగు వందల ఏండ్లది బిడ్డా. జర ఎక్కువనే గానీ తక్కువ గాదు."

"స్వామి సాక్షిగ?"

"స్వామి సాక్షిగనే."

కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు. అప్పుడు మెల్లగా అడిగాడు. "మీ తాత అంతయ్యను నువ్వు సూసినవా?"

"సూసుడేంది? నన్ను సంకనేసుకొని తిప్పిండు."

కరుణాకర్ ఫోను జేబులో వేసుకున్నాడు. "మరి నాలుగు వందల ఏండ్ల మఠానికి, నిన్ను సంకనేసుకున్నోడు జాగ ఎట్లిచ్చిండే? పుట్టకముందే ఇచ్చిండా?"

పందిరి కింద జనం పగలబడి నవ్వారు. కిష్టవ్వ కుర్చీలోంచి లేచింది. "కాదు బిడ్డా, గొప్పకు చెప్పిన. ఎనభై ఏండ్లదే గావచ్చు. మా తాతనే ఇచ్చిండు."

"గిప్పుడే స్వామి సాక్షిగ అంటివి. విస్తరాకు కోసం స్వామి వయసు తగ్గిస్తవా? పాపం తగుల్తది!"

అవునవునని తలా ఒకరు అందుకున్నారు. ఆమె ఈడుదైన భూమవ్వకు అంతా తెలుసు. కానీ భూమవ్వ కోడలు పటేల్ ఇంట్లో వంట చేస్తుంది. అందుకే భూమవ్వ కిందికి చూస్తూ కూర్చుంది. నిజం చెప్పినందుకు కిష్టవ్వ ఊరికి అబద్ధాలకోరయింది.

ఆరాధన నాడు మొదటి విస్తరి కరుణాకర్‌కు వేశారు. అలవాటు కొద్దీ ముందుకొచ్చిన కిష్టవ్వను ఎవరో రెక్క పట్టి పక్కకు జరిపారు. ఆమె ఆ రోజు తినలేదు. తిన్నావా అని అడిగినవాళ్లూ లేరు.

భోజనాలయ్యాక ఫలకం మీది గుడ్డ తీశారు. రంజిత్ ముందుకు తోసుకుపోయి చదివాడు. తొలి దాతలు పటేల్ వంశపు పెద్దలట. వాడు కింది వరస దాకా చదివి ఒక్క అరుపు అరిచాడు.

"అవ్వా! నీ పేరు రాసిండ్రే! గ్రామ వృద్ధురాలు కిష్టవ్వ సాక్ష్యం ప్రకారం నాలుగు వందల ఏండ్లు అని!"

"తాత పేరో?"

"తాతది లేదు. నీదే ఉన్నది. జర ఇటు నిలబడు, ఫోటో తీస్త."

తన పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంది. చూపించాడు. కిష్టవ్వ దాన్ని గోటితో గీకింది. ఒకసారి కాదు, జనం చూస్తుండగా మళ్లీ మళ్లీ గీకింది. రాయి గట్టిది, గోరే విరిగింది.