మొదటి టిప్పర్ మట్టికి

ఆవిడ అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా కనపడదు. టిప్పర్ డ్రైవర్ల దగ్గర్నుంచి గాజు ఫ్యాక్టరీ మేనేజర్ల దాకా అందరికీ ఆవిడ దుమ్మక్కే. ఆ పేరు పెట్టింది సొంత తమ్ముడు. చిన్నప్పుడు బడి వదలగానే ఆవిడ ఇంటికి రాకుండా నేరుగా తండ్రి గనికి పరిగెత్తేది. సాయంత్రం కనుబొమల దాకా తెల్లటి దుమ్ము కొట్టుకుని వచ్చేది. "అమ్మా, దుమ్మక్క వచ్చింది, తలుపెయ్యి!" అని తమ్ముడు వీధంతా వినపడేలా అరిచేవాడు. ఏడిపించడానికి పెట్టిన పేరు యాభై దాటినా వదల్లేదు. ఆవిడా వదిలించుకోవాలని చూడలేదు.

గని ఏమంత పెద్దది కాదు. గుట్టకి ఒక పక్క తొలిచిన గొయ్యి, ఒక క్రషర్, ఒక కాటా, రేకుల ఆఫీసు, ముప్పై మంది మనుషులు. పలుగురాయి తీసి, నలగ్గొట్టి, మూడు గాజు ఫ్యాక్టరీలకు పంపుతారు. తండ్రి అప్పోసొప్పో చేసి నిలబెట్టిన కంపెనీ అది. ఆయనకి ఒకటే పట్టింపు. ఆ గుట్టలో రాయి మీద ఇంటెత్తు మట్టి ఉంటుంది. గొయ్యి ముందుకు జరగాలంటే ముందు ఆ మట్టి తీసి దూరంగా పోయాలి, లేకపోతే ఏదో ఒక రోజు అది పైనుంచి కూలుతుంది. డీజిల్ ఖర్చు, కూలీ ఖర్చు, తీరా దాన్ని కొనే నాథుడు ఉండడు. అందుకే పొద్దున్నే కదిలే మొదటి టిప్పర్లు మట్టికే పోవాలని ఆయన కట్టడి చేశాడు. ఫ్యాక్టరీ లారీలు గేటు బయట హారన్లు కొట్టి చెవులు తూట్లు పొడిచినా సరే, మట్టి కదిలాకే రాయి.

"ఇవాళ మట్టి తియ్యకపోతే ఎవడికీ తెలీదమ్మా. అదే దీంతో వచ్చిన చిక్కు" అనేవాడు కూతురితో.

పోతూ పోతూ ఆయన గనిని ఇద్దరు పిల్లలకీ చెరి సగం రాశాడు. ఒకరు తప్పుకోవాలనుకుంటే ఆ సగం కొనుక్కునే హక్కు ముందు రెండోవాళ్ళది. ధర మాత్రం బయటి మనిషి చేత కట్టించాలి. ఆ ధర ఇవ్వలేకపోయినా, ధర దగ్గర రాజీ కుదరకపోయినా గని మొత్తం అమ్మేయాలి. మొదట్లో అంతా బాగానే నడిచింది. గొయ్యి అక్కది, ఆఫీసు తమ్ముడిది. తర్వాత ఒకరోజు క్రషర్ మెట్ల మీద దుమ్మక్క కాలు జారింది. తుంటి ఎముక విరిగింది. ఒక ఆపరేషను సరిగ్గా కుదరక ఇంకోటి, మొత్తానికి రెండేళ్ళు ఇంట్లోనే కూలబడింది. గొయ్యీ ఆఫీసూ రెండూ తమ్ముడే చూశాడు.

చూడటమేమిటి, దున్నేశాడు! ఖర్చులూ పన్నులూ పోగా ఏడాదికి యాభై లక్షలు చేతికి మిగిలే కంపెనీలో ఎనభై మిగిల్చాడు. రెండో ఏడూ అంతే. చుట్టాలంతా వాణ్ణి ఆకాశానికెత్తారు. దుమ్మక్క కూడా మురిసిపోయింది. మురిసిపోతూనే మంచం మీద అటు తిరిగి పడుకుని కాస్త ఏడ్చింది. తను లేకపోతేనే గని బాగుందన్నమాట అనుకుంది.

ఆవిడ చేతికర్ర పట్టుకుని నాలుగడుగులు వెయ్యడం మొదలుపెట్టగానే తమ్ముడు వచ్చి మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అక్కా, నేను తప్పుకుంటానే. ఊళ్ళో టైల్స్ షోరూం పెడదామనుకుంటున్నా. బ్యాంకు వాళ్ళు కూడా సరేనన్నారు. నాకీ దుమ్ము పడట్లేదు."

"నీకెప్పుడు పడింది గనక? సరే, నీ సగం నేను తీసుకుంటా."

"వాల్యూయర్ని పిలిపించాను మరి" అన్నాడు తమ్ముడు, ఎందుకో గోడకేసి చూస్తూ.

వాల్యూయర్ అంటే కంపెనీలకు విలువ కట్టే మనిషి. కళ్ళజోడు పెట్టుకుని, నెమ్మదిగా మాట్లాడే కుర్రాడు. రేకుల ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని విషయం అరటిపండు ఒలిచినట్టు చెప్పాడు. కంపెనీలో ఏటా చేతికి మిగిలే నగదు ఎంతో చూస్తారు. ఇలాంటి చిన్న గనులు ఈ మధ్య అమ్ముడైనప్పుడు అందుకు ఎన్ని రెట్లు పలికాయో చూస్తారు. ఒకే గొయ్యి, ముగ్గురే కొనేవాళ్ళు కాబట్టి దీనికి ఐదు రెట్లు. ఎనభై లక్షలకి ఐదు రెట్లంటే నాలుగు కోట్లు. అప్పులేమీ లేవు గనక అందులో సగం రెండు కోట్లు.

దుమ్మక్క మనసులోనే లెక్క వేసుకుంది. ఊరి చివరి స్థలం అమ్మి, ఇల్లు బ్యాంకులో తాకట్టు పెట్టినా కోటి దాటదు. రెండు కోట్లు ఎక్కణ్ణుంచి తెస్తుంది? తేలేకపోతే గని పరాయివాళ్ళ పాలవుతుంది. తండ్రి కట్టిన కాటా దగ్గర ఎవడో కూర్చుంటాడు. ఆ ముప్పై మందిని ఉంచుతాడో, గెంటేస్తాడో.

"అలా పోనిచ్చేది లేదు" అంది ఆ సాయంత్రం మొగుడితో. ఆయన బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. పెళ్ళాం ఆ గొంతుతో మాట్లాడిందంటే ఎదురుచెప్పి లాభం లేదని ఆయనకి తెలుసు. పొద్దున్నకి కారు తాళాలు వెతికి పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర దిగేసరికి మొదటి టిప్పర్ బయటికి వస్తోంది. నిండా తెల్లటి రాయి. దుమ్మక్క కర్ర అడ్డం పెట్టి ఆపింది.

"మట్టి బండి ఏదిరా?"

డ్రైవర్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఎక్కడి మట్టి అక్కా? మీరు పడిపోయిన వారానికే చిన్న సార్ మాన్పించేశారు. డీజిల్ దండగన్నారు."

ఆవిడ కుంటుకుంటూ గొయ్యి అంచు దాకా వెళ్ళింది. మట్టికీ రాతికీ మధ్య ఎప్పుడూ టిప్పర్ తిరిగేంత వెడల్పున మెట్టు ఉండేది. ఇప్పుడు అక్కడ అరుగంత కూడా లేదు. మట్టి గోడ రాతి అంచు మీద నిట్టనిలువుగా నిలబడి ఉంది. దుమ్మక్క ఒళ్ళు మండిపోయింది. అదే ఊపులో ఆఫీసులోకి వెళ్ళి తమ్ముడి మీద విరుచుకుపడింది.

"నాన్న చెప్పింది అప్పుడే మర్చిపోయావురా?"

"నాన్న భయస్థుడే అక్కా. రెండేళ్ళు మట్టి ముట్టుకోలేదు. రాయి రాలేదా? వచ్చింది. మరి ఇన్నేళ్ళు ఆ మట్టి దేనికి మోశాం చెప్పు?" వాడు అబద్ధమాడటం లేదు. నిజంగానే నమ్మి అడుగుతున్నాడు. ఆవిడకి ఒళ్ళు మండింది అందుకే.

వాల్యూయర్ ఇంకా ఊళ్ళోనే ఉన్నాడు. అతను దిగిన లాడ్జికి వెళ్ళి ఎదురుగా కూర్చుంది.

"ఐదు రెట్లు చాలా ఎక్కువ బాబూ. మూడు చెయ్యండి."

"నేను చెయ్యడానికేముందమ్మా? మార్కెట్లో పలికే రెట్లు అవి" అన్నాడతను. అని కాస్త ఆగి, "మీరు ఐదుతో పేచీ పెట్టుకుంటున్నారు. ఐదు కింద ఉన్న ఎనభైని ఒకసారి చూడండి. ఆ ఎనభై ఏటేటా ఇలాగే వస్తుందా? వచ్చేట్టయితేనే ఐదు రెట్లు" అన్నాడు.

ఇంతసేపూ ఆవిడ తప్పు చోట కుస్తీ పడుతోంది.

"రాదు. చచ్చినా రాదు. లేవండి, చూపిస్తా."

కుర్రాడు మెత్తటి బూట్లతో గుట్ట ఎక్కాడు, పడ్డాడు, లేచాడు, విసుక్కోలేదు. మాటలతో కాదని సర్వేయర్ని కూడా పిలిపించాడు. పేరుకుపోయిన మట్టిని కొలిపించి, తీయడానికి ఎంతవుతుందో లెక్క కట్టించాడు. ఏటా మట్టికి ముప్పై లక్షలు. అది తీసేస్తే గని నిజంగా మిగిల్చేది పాత యాభై లక్షలే. యాభైకి ఐదు రెట్లు రెండున్నర కోట్లు. అందులోంచి రెండేళ్ళుగా వాయిదా పడిన మట్టి పని ఖర్చు అరవై లక్షలు తీసెయ్యాలి. మిగిలింది కోటీ తొంభై. సగం తొంభై ఐదు లక్షలు.

అందరూ మళ్ళీ రేకుల ఆఫీసులో కూర్చున్నప్పుడు తమ్ముడు కుర్చీ వెనక్కి తన్ని లేచాడు.

"రెండు కోట్ల వాటాని సగానికి నరికేశారు! ఇదంతా నువ్వు పక్కనుండి రాయించావు కదే అక్కా? మట్టి తియ్యక్కర్లేదని నేను రెండేళ్ళు నడిపి చూపించాను!"

వాల్యూయర్ గొంతు పెంచలేదు. "నా లెక్క తొంభై ఐదే సార్. మట్టి ఖర్చు మీరు ఒప్పుకోనంటే మాత్రం ధర కుదరలేదని రాసి వెళ్ళిపోతాను. ఆ తర్వాత గని అమ్మకానికి పెట్టుకోవాల్సిందే."

"అమ్మెయ్యండి అయితే!"

బయట క్రషర్ గరగరలాడుతోంది. దుమ్మక్క కర్ర బల్లకి ఆనించి, రెండు చేతులూ బల్ల మీద పెట్టింది. ఇక తాడో పేడో తేలిపోవాలి.

"కూర్చోరా. మట్టి తియ్యక్కర్లేదు, ఏటా ఎనభై వస్తుందంటావు. అంతేగా?"

"అంతే."

"అయితే నా సగం నువ్వే కొనుక్కో. అదే తొంభై ఐదుకి. నీ లెక్కలో అది రెండు కోట్ల సరుకు. సగం కన్నా తక్కువకే ఇచ్చేస్తున్నా. కాగితం తీసుకురా, ఇప్పుడే సంతకం పెడతా."

మూల కూర్చున్న మొగుడికి టీ పొలమారింది. "నీకేమన్నా మతి పోయిందా?" అన్నాడు దగ్గుతూ.

ఆవిడకి మతి పోలేదు గానీ, ప్రాణం అరచేతిలో పట్టుకుని కూర్చుంది. తమ్ముడు సరేనంటే గని ఈ క్షణమే చెయ్యి జారిపోతుంది. వాడికి బ్యాంకు ఉంది, షోరూం డబ్బులు ఇటు తిప్పితే సరిపోతుంది. చిన్నప్పట్నుంచీ తిరిగిన గుట్ట, తండ్రి గొంతు వినపడే చోటు, అన్నీ వాడి నాలుక చివర ఉన్నాయి. అయినా చేతులు బల్ల మీంచి తీయలేదు.

తమ్ముడు కాసేపు ఆవిడ మొహంలోకి చూశాడు. పంతానికి అనేస్తాడేమో అనిపించింది. తర్వాత బయటికి నడిచాడు. కిటికీలోంచి అందరికీ కనపడుతున్నాడు. గొయ్యి వైపు వెళ్ళి, రాయి తవ్వుతున్న పొక్లెయిన్‌కి చాలా ఇవతలే ఆగిపోయి, నడుం మీద చేతులు పెట్టుకుని మట్టి గోడ కేసి చూస్తూ నిలబడ్డాడు. రెండేళ్ళుగా అక్కడి దాకానే వెళ్తున్నాడు కాబోలు.

వెనక్కి వచ్చేసరికి వాడి మొహం వాడిపోయింది.

"వద్దక్కా. నాకొద్దు. తొంభై ఐదుకి నువ్వే తీసుకో."

వాల్యూయర్ కాగితాలు సర్దుకున్నాడు. దుమ్మక్క ఊపిరి తీసుకునే లోపే తమ్ముడు గొంతు సవరించుకున్నాడు.

"ఇంకోటి. తూర్పు మూల కింద మనుషుల్ని పెట్టకు. మొన్న వానలకి పైన మట్టిలో బీట తీసింది. రోజూ చూస్తూనే ఉన్నా. ఎవరికీ చెప్పలేదు."

పొక్లెయిన్ అప్పుడు తూర్పు మూలలోనే ఉంది. దుమ్మక్క కర్ర కూడా పట్టుకోకుండా లేచి, గోడకున్న సైరన్ మీట కిందికి లాగింది. క్రషర్ ఆగేదాకా లాగి పట్టుకునే ఉంది. డ్రైవర్ దిగి పరిగెత్తుకుంటూ రావడం కళ్ళారా చూశాక తమ్ముడి వైపు తిరిగి చెంప ఛెళ్ళుమనిపించింది. ఆ వెంటనే వాడి భుజం పట్టుకుని కుర్చీలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. వాడూ ఏడ్చాడు. వాల్యూయర్ పాపం ఎటు చూడాలో తెలీక ఫ్యాను కేసి చూస్తూ కూర్చున్నాడు.

వెళ్ళేటప్పుడు ఆ కుర్రాడు గేటు దగ్గర ఆగి నవ్వాడు. "ఈ ఏడాది మాత్రం నన్ను పిలవకండమ్మా. ఆ మట్టంతా తీసేసరికి చేతికి ఏమీ మిగలదు. ఐదు రెట్లు కాదు కదా, వంద రెట్లు వేసినా సున్నాయే."

"సున్నా అయితే అయ్యింది. గోడ దిగుతుందిగా" అంది దుమ్మక్క.

స్థలం అమ్మింది, ఇల్లు తాకట్టు పెట్టింది, సంతకాలయ్యాయి. తూర్పు మూలకి తాడు కట్టించి, గుట్ట వెనక నుంచి పై మట్టికి దారి వేయించింది. మొదటి రోజు పొద్దున్నే ఫ్యాక్టరీ లారీలు వరసగా నిలబడి హారన్లు మోగిస్తున్నాయి. లోపలినుంచి మొదటి టిప్పర్ వస్తోంది, నిండా ఎర్రమట్టితో. డ్రైవర్ పక్క సీట్లో, కాళ్ళ మధ్య కర్ర పెట్టుకుని దుమ్మక్క. కనుబొమల దాకా దుమ్ము.

గేటు వేసే ఉంది. దాని పక్కన తమ్ముడు నిలబడి ఉన్నాడు. ఆఫీసు తాళాలు ఇచ్చి పోదామని వచ్చినట్టున్నాడు. టిప్పర్‌ని చూశాడు, లోపల కూర్చున్న మనిషిని చూశాడు. లారీల వాళ్ళ కేసి తిరిగి, హారన్లన్నిటినీ మించిపోయేలా గొంతు చించుకున్నాడు.

"దుమ్మక్క వచ్చింది, తప్పుకోండి!" అని అరిచి, గేటు రెక్కలు రెండూ తనే బార్లా తీశాడు.