కాణిపాకంలో కన్సల్టెన్సీ రిపోర్టు

తిరుపతి నుంచి బెంగళూరు వెళ్లి మేనేజ్‌మెంట్ కన్సల్టెంటునయ్యాక, ఆరో ఏట నేను మేనేజరు కావలసి ఉంది. చిత్తూరు పక్కనున్న ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఓనరుకు మా రిపోర్టు నచ్చి, రెండో విడత పని కూడా మాకే ఇస్తే ప్రమోషన్ ఖాయమని మా బాస్ మాటిచ్చాడు.

ఓనరు ఆ అరవై పేజీలూ తిప్పి చూశాడు. రంగురంగుల గ్రాఫుల మీద వేలు పెట్టాడు.

"ఇదంతా నిజమేనా పాపా?"

"నిజమే సార్."

"అయితే శుక్రవారం కాణిపాకం పోదాం. స్వామి ముందర ప్రమాణం చేసి చెప్పు. ఆడ్నే సంతకం పెట్టేస్తా."

మా వైపు ఇది వింత కాదు. పొలం గట్టు తగాదా దగ్గర్నుంచి రాజకీయ నాయకుల సవాళ్ల దాకా, మాట మీద అనుమానం వస్తే తలమీద నీళ్లు పోసుకుని తడిబట్టలతో ఆ వినాయకుడి ముందు నిలబడతారు. వచ్చే మూడేళ్ల లాభాల అంచనా మీద ప్రమాణం అడగడం మాత్రం నేనెక్కడా వినలేదు.

ఫోనులో బాస్ పగలబడి నవ్వాడు. "చేసెయ్! ఒక్క నిమిషం పని."

నాకు నవ్వు రాలేదు. మా నాయన భజన గోష్ఠిలో పురాణం చదివేవాడు. పక్కన కూర్చుని అర్థం చెప్పడం నా వంతు. దొంగ ప్రమాణం చేసినవాడి గతేమిటో పదేళ్లప్పుడే మందిరం నిండా జనానికి వివరించినదాన్ని. "సుమారుగా", "ఆశించవచ్చు" అని చేరిస్తే పాపం అంటదని ఏ పురాణంలోనూ చదవలేదు.

ఎర్ర పెన్ను తీసుకుని కూర్చున్నాను. లాభాల అంచనా పోయింది. ఇంటర్నెట్‌లో ఏరుకొచ్చిన పోటీ కంపెనీల వివరాలు పోయాయి. "సిబ్బందిలో ఉత్సాహం ఉంది" అన్న పేజీ కోసం మేం మాట్లాడింది ఇద్దరితో. ఒకాయన వాచ్‌మన్, ఇంకొకాయన ఆ రోజే చేరాడు. అదీ పోయింది. శుక్రవారానికి ఐదు పేజీలు మిగిలాయి.

సంగతి తెలిసి బాస్ కాణిపాకంలోనే దిగాడు. "నీది చాదస్తం. నాకిలాంటి నమ్మకాల్లేవు, అరవై పేజీలకీ నేనే చేస్తా" అని చొక్కా విప్పి కొళాయి కింద చెంబు పెట్టాడు. చెంబు నిండి పొర్లుతోంది. పోసుకోడు.

"పందొమ్మిదో పేజీలో ఆ అంకె ఎక్కడిది?" అన్నాడు మెల్లగా.

"మీరిచ్చిందే సార్."

చెంబు నా చేతిలో పెట్టి చొక్కా తొడుక్కున్నాడు. నా ఐదు పేజీల్లో తాను రాసినవి రెండున్నాయి, అవి కూడా లాక్కుని జేబులో దోపుకున్నాడు.

మిగిలిన మూడూ ఓనరు అక్కడే నిలబడి చదివాడు. కాయలు కడిగే గదికి రెండో తలుపు పెట్టాలి. బాయిలరు మరమ్మతు సీజనుకు ముందే చేయించాలి. లారీలు తూచే కాటా దగ్గర కూర్చునే ఓనరు బామ్మర్దిని అక్కణ్నుంచి మార్చాలి, ఎందుకంటే ఆయన తెలిసినవాళ్ల లారీలను ముందు పంపిస్తుంటే మిగతా లారీల్లో కాయలు ఎండకు కుళ్లుతున్నాయి.

"మొదటి రెండూ బాగుండాయి. మూడోది తీసెయ్ పాపా. మా ఇంటి సంగతి నీకు తెల్దు."

"రెండు దినాలు కాటా కాడే నిలబడి చూసినాను సార్."

"సూసినావులే. తీసేస్తే ఇప్పుడే సంతకం."

వెనక నుంచి బాస్ దగ్గాడు. నా ప్రమోషనంతా ఆ దగ్గులో ఉంది.

చెంబు తలమీద గుమ్మరించుకున్నాను. లోపలికెళ్లి, మూడు పేజీలూ ఒక్కొక్కటిగా స్వామికి విన్నవించి, ఇవి నేను కళ్లారా చూసినవని ప్రమాణం చేశాను. పక్కన ఓనరు కళ్లు గట్టిగా మూసుకుని చెంపలు వేసుకున్నాడు. బయటికొచ్చాక ప్రసాదం పెట్టాడు. సంతకం పెట్టలేదు.

ఆ ఏడు నేను మేనేజరు కాలేదు. నా పనితీరు మీద ఆఫీసులో "నివేదికలు మరీ క్లుప్తం" అని రాశారు. ప్రమాణం చేసిన నెల తిరక్కుండా ఓనరు ఫోన్ చేశాడు.

"స్వామి ముందర చెప్పేసినావే! ఆ పొద్దు నుంచి నాకు ముద్ద దిగలా. మా బామ్మర్దిని కాటా కాడ్నించి లేపేసినా. లారీలు వచ్చిన వరసలోనే పోతాండాయి."

నిలబడ్డచోటే దణ్ణం పెట్టుకున్నాను. మరుసటేడు ప్రమోషన్ ఉత్తరం చేతికొచ్చినప్పుడు కూడా నాకంత సంతోషం కలగలేదు.

"మీ బామ్మర్ది ఏమీ అనుకోలేదా సార్?" అనడిగాను ఫోనులో.

"ఊరికే లేపితే ఇంట్లో నన్ను బతకనిస్తారా పాపా? డైరెక్టర్ని చేసినా."