పాస్టరయ్య తెచ్చిన బొట్టుబిళ్ళలు

మా చిన్నప్పుడు పత్తి తీయడం అయిపోయిందంటే చాలు... మా ఊరి బడి ముందర లారీ వచ్చి ఆగేది. మూటలు, వంటకు సట్లు, కోళ్లగంపలు, చంకలో పిల్లలు... సగం ఊరు ఆ లారీ ఎక్కి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోయేది. దాన్నే మేము సుగ్గికి పోవడం అంటాం. దేవనకొండ చుట్టుపక్కల వానను నమ్ముకున్న ఊర్లకు అదే రెండో పంట.

పెద్దవాళ్లు పోతే పిల్లలూ పోవాల్సిందే. తిరిగొచ్చేసరికి పరీక్షలు అయిపోయేవి. చాలామందికి చదువు అక్కడితో సరి. నన్ను మా అవ్వ దగ్గర వదిలిపోయేవాళ్లు కాబట్టి ఏడో తరగతి దాకా వచ్చాను. ఆ ఏడు అవ్వ చనిపోయింది... ఇంక నన్నూ లారీ ఎక్కిస్తారు కదా. బడి మెట్ల మీద కూర్చుని ఒకటే ఏడుపు.

అప్పుడొచ్చాడు పాస్టరయ్య, సైకిల్ మీద. తెల్ల చొక్కా, తెల్ల పంచె, పాదాలకు ఎర్రమట్టి. ఊరి చివర రేకుల మందిరం ఆయనదే. దాని గోడలకు బండలు కూడా ఆయనే మోసుకొచ్చాడు. పగలంతా చేలల్లో కూలిపని, సాయంత్రమైతే మెడలో డోలక్ వేసుకుని ప్రార్థన. ఊర్లో ఎవరికి జ్వరమొచ్చినా సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని ఎమ్మిగనూరు ఆసుపత్రికి తొక్కేవాడు. ఆదివారం ఆయన గొంతెత్తి "స్తోత్రం" అంటే మా ఇంట్లో కోళ్లు ఉలిక్కిపడేవి!

"ఈరన్నా, పాపను ఈడ్నే ఇడ్సిపో. సుగ్గికి పోయిన మా సంగపోల్ల పిల్లోల్లు మందిరంలోనే ఉండారు. వాల్లతో పాటే ఇంత రొట్టె తింటాది, బడికి పోతాది" అన్నాడు మా నాన్నతో.

నాన్న తల గోక్కున్నాడు. అమ్మ మాత్రం మొహం మీదే అనేసింది.

"మీకాడ ఇడిస్తే మా పాపకు బొట్టు తీపిస్తారు పాస్టరయ్యా. మాకొద్దు."

"తీపీనమ్మా. నువ్వు ఎట్ల ఇడ్సిపోతే అట్లనే అప్పజెప్తా. తేడా వస్తే మల్లా ఏ బిడ్డనూ నాకాడ ఇడ్సొద్దు."

అమ్మ చాలాసేపు ఆయన మొహంలోకి చూసింది. తర్వాత నా చేతిలో ఒక బొట్టుబిళ్ళల అట్ట పెట్టి లారీ ఎక్కింది.

మందిరంలో చాపల మీద నిద్ర... పాస్టరమ్మ కాల్చే జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి... సాయంత్రం చప్పట్లు కొడుతూ పాటలు. నాకు తెగ నచ్చేసింది. అక్కడ ఏ ఆడపిల్లకీ బొట్టు లేదు, పూలు లేవు. నా అట్ట అయిపోయిన రోజు నేనేమీ పట్టించుకోలేదు.

పట్టించుకున్నది పాస్టరయ్యే. పొద్దున రొట్టె తింటుంటే నా మొహం చూసి ఆగిపోయాడు.

"బొట్టేదమ్మా?"

"అయిపోయినాయి పాస్టరయ్యా."

ఆ రోజు కూలికి పోలేదు. సైకిల్ ఎక్కి సరాసరి దేవనకొండకు పోయాడు. తెల్లబట్టల పాస్టరు వచ్చి బొట్టుబిళ్ళలు అడిగితే గాజులంగడాయన ఊరుకుంటాడా? "ఏం పాస్టరయ్యా, మీరు గానీ మతం మారినారా?" అన్నాడట. వచ్చి మాకు చెప్పి, తనే పడీపడీ నవ్వాడు.

సంఘంలో మాత్రం ఎవరూ నవ్వలేదు. ఆదివారం ప్రార్థన అయ్యాక ఒక పెద్దాయన లేచి నిలబడ్డాడు. "బొట్టు వద్దని మాకు సెప్పేది మీరే. మందిరంలోకి తెచ్చి పెట్టేదీ మీరేనా?"

పాస్టరయ్య మెల్లగా చెప్పాడు. "ఆ పాప మన దేవున్ని నమ్మి రాల్యా అన్నా. వాల్లమ్మ నా మాట నమ్మి ఇడ్సిపోయింది. నేను మాట తప్పితే, నేను సెప్పే దేవున్ని ఎవురు నమ్ముతారు?"

పెద్దాయన కుటుంబం మందిరానికి రావడం మానేసింది. ఆ బాధ పాస్టరయ్య ప్రార్థనలో వినిపించేది. అయినా రోజూ పొద్దున జడ వేశాక పాస్టరమ్మ నాకు బొట్టు పెట్టేది. ఎప్పుడో మానేసిన అలవాటు కదా... పాపం, పక్కకు పెట్టేది. బడిలో అందరూ నవ్వేవాళ్లు.

పరీక్షలు రాశాను. సుగ్గి నుంచి వచ్చిన అమ్మ మూట కూడా దించకుండా మందిరానికి వచ్చి, ముందు నా నొసలు చూసింది. ఎండుమిరపకాయల సంచి పాస్టరమ్మ ముందు పెట్టి, కళ్లు తుడుచుకుంటూ నిలబడింది. మరుసటేడు ఆ రేకుల కింద చాపలు చాల్లేదు. మా గుడి పూజారి మేనకోడలు కూడా అక్కడే ఉండి చదువుకుంది.

ఇప్పుడు నేను ఆదోనిలో టీచర్ని. పోయిన నెల పాస్టరయ్య కాలం చేశాడని ఫోన్ వచ్చింది. ఆదోని నుంచి పోతూ, వాళ్ల పద్ధతికి మర్యాద ఇవ్వాలని, ఆటోలోనే బొట్టుబిళ్ళ తీసేశాను.

శవపెట్టె పక్కన కూర్చున్న పాస్టరమ్మ నా చేతులు పట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే నా మొహం చూసి ఆగిపోయింది.

"ఎవురు తీయమన్న్యారే నిన్ను? ఆయప్ప సూస్తే నన్ను అరుస్తాడు" అంది. మనవణ్ణి పిలిచింది. "రేయ్, అంగడికి పోయి బొట్టుబిళ్ళలు తీసకరా పో."

అంతమంది ముందర, తనే నా నొసట పెట్టింది. అప్పట్లాగే పక్కకు పెట్టింది... ఇంటికి వచ్చేదాకా నేను దాన్ని సరిచేసుకోలేదు.

సుగ్గి పిల్లలకు ఇప్పుడు హాస్టళ్లు వచ్చాయి, సంతోషమే. కానీ మనిషి మాట మీద బిడ్డను వదిలి లారీ ఎక్కే ధైర్యం ఈరోజు మనలో ఎందరికుంది... మీ అమ్మ మిమ్మల్ని అంత నమ్మకంగా ఎవరి దగ్గరైనా వదిలి వెళ్లిందా? వాళ్ల పేరు ఒక్కసారి కింద రాయండి... చదువుకుంటాను.