అర్వైహేర్ చేరని ఆంటీ

పక్క అపార్ట్‌మెంట్ ఆంటీ పోయారని మంగళవారం మధ్యాహ్నం హాస్పిటల్ నుంచి ఫోన్ వచ్చింది. కెనడాలో, ఈ ఎడ్మంటన్‌లో ఆమెకు అయినవాళ్ళెవరూ లేరు. అందుకని నా నంబర్ ఇచ్చారు. ఆఫీసులో ఉన్నాను. "సరే, థాంక్యూ" అని పెట్టేశాను.

ఆంటీది మంగోలియా. గడ్డి మైదానం నడుమ అర్వైహేర్ అనే ఊరు. ఒక రాష్ట్రానికి ముఖ్యపట్టణం. "ముఖ్యపట్టణమంటే పెద్దదనుకోకు. బస్టాండ్ దాటి కాసేపు నడిస్తే ఊరైపోతుంది. ఆ తర్వాతంతా ఆకాశమే" అనేవారు. అక్కడి స్కూల్లో సంగీతం నేర్పేవారు. భర్తకు ఇక్కడ మెకానిక్ పని దొరికితే ఆయన వెంట వచ్చారు. ఆయన పోయాక హోటల్ గదులు శుభ్రం చేస్తూ ఉండిపోయారు. అర్వైహేర్ అంచున కొన్న స్థలంలో చిన్న ఇల్లు కట్టుకోవాలని ఆశ. ఎప్పుడు వెళ్తారంటే "వచ్చే వేసవికి" అనేవారు. ఎన్ని వేసవులు గడిచినా అదే మాట.

సాయంత్రాలు మా అమ్మాయిని ఆంటీయే చూసుకునేవారు. ఫోన్‌లో మా అమ్మ మాటలు విని "తిన్నావా" నేర్చుకున్నారు. అమ్మాయి స్కూల్ నుంచి రాగానే "తిన్నావా?" అనేవారు. అది "నాట్ యెట్, ఆంటీ" అనేది. ఉప్పు వేసిన పాల టీ ఇచ్చేవారు. ఫోన్‌లో తమ ఊరి చలి ఎంతో చూసి, మా చలికన్నా ఎక్కువైతే కాస్త గర్వంగా చెప్పేవారు.

ఒక చలికాలం అక్కడ మంచు రాయిలా గడ్డకట్టి, మేతంతా దాని కిందే ఉండిపోయింది. దాన్ని వాళ్ళు జుద్ అంటారు. ఆంటీ తమ్ముడి గొర్రెలూ గుర్రాలూ చచ్చిపోయాయి. ఆయన పెళ్ళాంపిల్లలతో వచ్చి ఆంటీ స్థలంలో ఉన్ని గుడారం వేసుకున్నాడు.

"మరి మీ ఇల్లు?" అన్నాను.

"నేను కట్టుకుంటే వాళ్ళెక్కడ ఉంటారు?"

ఆ తర్వాత వేసవి మాట ఎత్తలేదు. జబ్బు బయటపడేసరికే ముదిరిపోయింది. విమానం ఎక్కే స్థితి కాదని డాక్టర్ చెప్పేశారు. "కొంచెం కోలుకోండి, నేనే తీసుకెళ్తా" అన్నాను.

"అబద్ధం చెప్పకమ్మా. నీకు చేతకాదు" అని నా చెయ్యి పట్టుకున్నారు.

శ్మశానంలో భర్త సమాధి పక్కన చోటు లేదు. దూరంగా, కంచె దగ్గర దొరికింది. ఖననం రోజు ఆమె తమ్ముడికి ఫోన్ చేశాను; మాకు సాయంత్రం, అక్కడ మర్నాటి పొద్దున. వీడియో కాల్‌లో ఆయన గుడారం బయట పాలగిన్నె, గరిటె పట్టుకుని నిలబడ్డాడు. దూరప్రయాణం వెళ్ళేవాళ్ళ వైపు పాలు చల్లి సాగనంపడం వాళ్ళ ఆచారమట. ఆయన కూతురు ఇంగ్లీషులో అడిగింది.

"నాన్న అడుగుతున్నారు. కెనడా ఏ వైపు?"

నాకు తెలియలేదు. ఆయన గరిటె ఎత్తి ఒక వైపు తిరిగాడు, ఆగాడు, ఇంకో వైపు తిరిగాడు. అన్ని వైపులా ఒకటే తెల్లటి నేల.