ఎనిమిది చోట్లన్నాను

పెళ్లైన కొత్తలో ఆడిన ఒక అబద్ధం ఇన్నేళ్లుగా నా గుండె మీద కూర్చుని ఉంది. మీరు నన్నెరగరు. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో.

అప్పటికి నేను తిరుపతిలో పిల్లల డాక్టరు చదువు పూర్తి చేశాను. పిల్లల కిడ్నీ జబ్బుల్లో ఫెలోషిప్, అంటే ఇంకా పైచదువు, చేయాలని ఆశ. మా ఆయన చిత్తూరులో ఒక ప్రైవేటు బడిలో లెక్కల మాస్టరు. ఎన్ని చోట్లకు దరఖాస్తు పెట్టాలన్నదే ఆ వేసవంతా మా ఇంట్లో మాట. ఆ చదువున్న ఎనిమిది చోట్లలో నాలుగు చాలన్నాను నేను. ఆయన ఒప్పుకోలేదు.

“ఎనిమిదింటికీ పెట్టుమే. యాడొస్తే ఆడికి పోదాం. లెక్కలు సెప్పేవాడికి యాడైనా పని దొరుకుతాది.”

సరేనన్నాను. పెట్టేశానని చెప్పాను. నిజానికి ఒక్కదానికీ పెట్టలేదు.

ఎందుకు? బద్ధకమా? కాదు. బడిలో, కాలేజీలో ఎప్పుడూ ముందుండి, అందరూ మెచ్చుకోవడానికే అలవాటు పడిన నేను, ఎక్కడో ఎవరో నన్ను వద్దంటారన్న ఊహనే తట్టుకోలేకపోయాను. నాలుగా ఎనిమిదా అని వాదించుకోవడం హాయిగా ఉండేది. పంపడమే చేతకాలేదు.

ఒక సాయంత్రం ఆయన బడి నుంచి వచ్చి చెప్పులు విడుస్తుంటే, “ఎవురూ తీసుకోలేదు,” అన్నాను. ఏడ్చాను కూడా.

“వాళ్లకు మనుషుల్ని సూడను రాదులే. పైయేడు మళ్లీ పెడుదువు,” అని, ఆయనే లోపలికి పోయి చారు పెట్టాడు. నేను తిన్నాను. ఎలా తిన్నాను?

కొన్నాళ్లకు ఆయన తోటి మాస్టరు మాటల్లో ఒక సంగతి తెలిసింది. ఆ వేసవిలోనే పలమనేరులో కొత్తగా తెరిచిన బడికి ఆయన్ను హెడ్మాస్టరుగా వేస్తామన్నారట. భార్య వెంట వేరే ఊరు పోవాలని ఆయన వద్దన్నాడట. నాకు చెప్పనే లేదు. అప్పుడైనా నిజం చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు.

మరుసటి ఏడు నిజంగానే పెట్టాను, ఆరు చోట్లకు. కొందరు కాదన్నారు. బెంగుళూరులో తీసుకున్నారు. ఆయన ఉద్యోగం వదిలి నా వెంట వచ్చాడు. ట్యూషన్లు చెప్పాడు, పొద్దున్నే నాకు క్యారియర్ కట్టాడు. ఇప్పుడు నేను చదువుకున్న తిరుపతిలోనే ఉన్నాం. సత్యవేడు నుంచో నగరి నుంచో మొహమంతా ఉబ్బి వచ్చిన బిడ్డకు వాపు తగ్గి, ఆ తల్లి నవ్వినప్పుడల్లా నా మనసులో మొదట దణ్ణం పెట్టుకునేది ఆయనకే.

మొన్న నా దగ్గర చదువుకునే ఒక అమ్మాయి ఇంటికి వచ్చింది. ఎన్ని ఫెలోషిప్‌లకు పెట్టాలో తెలియడం లేదంది. నాకంటే ముందే ఆయన అందుకున్నాడు.

“ఈమెను మొదటేడు ఎనిమిది సోట్ల వద్దన్నారమ్మా. అయినా ఇడిసిపెట్టిందా? నువ్వూ భయపడొద్దు, పెట్టు.”

ఆ పిల్ల నన్ను ఎంత గౌరవంగా చూసిందో! నేను టీ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఆయనకు చెబుతానా? తెలియదు. చెబితే క్షమిస్తాడు, అందులో అనుమానం లేదు. కానీ నా గురించి అంత గర్వంగా చెప్పుకునే మాటను ఆయన నోటి నుంచి ఎలా లాక్కోను? ఇది ఆయన మీద ప్రేమా, మళ్లీ అదే పిరికితనమా?

పక్క గదిలో ఆయన ఎవరికో ఫోనులో లెక్క విడమరచి చెబుతున్నాడు. మీతో చెప్పుకున్నాక, ఆ గొంతు వింటూ తల దించుకోకుండా కూర్చోగలుగుతున్నాను.